నిల్ కాని అర్జీల రిజిస్టరు

రెండువేల ఒకటి జులైలో నాకు జరిగిన అన్యాయాలు, నా రిజిస్టరులో ఉన్నవి ఉన్నట్టుగా:

రెండవ తేదీ, సోమవారం. ఒక వితంతువు పోగొట్టుకున్న ఉంగరాన్ని గుహలో వెతికి తెచ్చి అప్పగించాను. ఆమె నాకు దండం పెట్టి, అదే నోటితో ఇంకో ఉంగరం పోయిందన్నది.

ఐదవ తేదీ, గురువారం. ఒక కాపరి మేకలను తోడేళ్ల బారినుంచి తప్పించాను. పక్క ఊళ్లో మరో కాపరి, అక్షరం తేడా లేకుండా అవే మాటలతో అర్జీ పెట్టుకున్నాడు.

తొమ్మిదవ తేదీ, సోమవారం. పెండింగ్ ఒక్కటే మిగిలింది. దాన్నీ ముగించి సత్రంలో అడుగు పెట్టగానే కొత్త అర్జీలతో నలుగురు ఎదురయ్యారు.

ఇవన్నీ కంప్యూటరు ఆటలోని సంగతులు. చిత్తూరు కచేరీలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా ఉద్యోగం విరమించి, తిరుపతిలో కాపురమున్న నేను కూతురి చదువు కోసం కొన్న కంప్యూటరులో ఆ ఆట మొదలుపెట్టాను. కత్తి పట్టుకొని దేశం తిరగాలి. ఎదురైనవారి కష్టం వినాలి, తీర్చాలి. వినడం, తీర్చడం నాకు తెలిసిన పనే కనుక ఒక రిజిస్టరు తెరిచాను. వరుస నంబరు, అర్జీదారు, విషయం, పరిష్కారం. పెండింగ్ నిల్ అని రాసిననాడు ఆట ముగుస్తుందని నా లెక్క.

నా కూతురు ఆ రిజిస్టరు చూసి, “నాయనా, ఈ పనులు మనుషులు రాసినవి కాదు. కంప్యూటరే పుట్టిస్తా ఉండాది. ఎన్ని చేసినా అయిపోవు” అన్నది. కారణం లేకుండా అర్జీ పుడుతుందా అని నేను ఆమెనే కసిరాను.

పదకొండవ తేదీ, బుధవారం ఐరాల నుంచి మా అక్క వచ్చింది. ఆమె చేనికి పోయే దారికి పక్క చేను ఆసామి కంచె వేశాడు. అభ్యంతరం ఉంటే శుక్రవారంలోగా రాసివ్వమని మండల కచేరీవారు నోటీసు ఇచ్చారు. అక్కకు చదువు లేదు. నాకు అర గంట పని. చేతిలో మూడు అర్జీలున్నాయి, అవి ముగించి రాస్తానన్నాను. నేను రిటైరైనా జనం నన్ను వదలడం లేదని ఆమె అనుకున్నది.

“ఎవురికేం కష్టమో పాపం. వాళ్లది సూడు ముందు” అని వరండాలో కూర్చున్నది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. గురువారం మళ్లీ వచ్చి, మళ్లీ అలాగే వెళ్లింది.

శుక్రవారం ఆమె లోపలికే వచ్చి నా వెనక నిలబడింది. తెర మీద ఆ వితంతువు చేతులు జోడించి ఉన్నది.

“ఈమె యా ఊరామెరా?” అని అడిగింది.

రిజిస్టరు తిప్పి చూశాను; అర్జీదారు ఊరు రాసే గడి నేను గీయనే లేదు. దాన్ని మూసి కాగితం తీసుకున్నాను. రాసి, ఆమెతోపాటు బస్సెక్కి ఐరాల చేరేసరికి కచేరీ మూసేశారు. సోమవారం ఇస్తే గడువు మీరిందన్నారు. ఈనాటికీ అక్క ఎరువు తట్ట నెత్తిన పెట్టుకొని, వంక దిగి చుట్టూ తిరిగి తన చేనికి పోతున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ తేదీ కూడా పై జాబితాలో చేర్చుకొని ఊరట పొందేవాణ్ణేమో.

కాబట్టి ఆ ఆట తయారుచేసినవారిని ఇందుమూలంగా అడుగుతున్నాను. మీ అర్జీలకు అంతం లేదని మీకు తెలుసా? తెలిసి కూడా ఆట అమ్మే డబ్బా మీద ఎందుకు అచ్చు వేయలేదు? కూతురు చెప్పినా వినలేదు కదా అని మీరనవచ్చు. ఆ తప్పు నాది. మీరేం రాసినా అది తగ్గదు. అయినా ఆ వితంతువుది ఏ ఊరో తెలుపుతూ, ఏ ఊరూ కాకపోతే ఆ మాటే తెలుపుతూ, అక్కకు చదివి వినిపించడానికి వీలుగా, సంతకంతో, తెలుగులో లిఖితపూర్వకంగా జవాబు పంపవలసినదిగా కోరుతున్నాను.