పోయిన వారం ఎవరితో ఆడాం

మెల్బోర్న్‌కు దూరంగా ఉన్న విర్రబిన్ అనే ఊళ్ళో ఫుటీ, అంటే బంతిని చేత్తో కూడా పట్టే అక్కడి ఫుట్‌బాల్, ఆడిన ప్రతి మగపిల్లాడి పాదమూ ఏదో ఒక శనివారం నెవిల్ ట్రెజైజ్ ఒళ్ళో ఉన్నదే. ఆటకు ముందు చీలమండలకు పట్టీ చుట్టడం, తొడలకు మందునూనె పట్టించడం, నీళ్ళ సీసాలతో మైదానంలోకి పరుగెత్తడం, ఎవడైనా దెబ్బ తిని పడితే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళలోకి చూడడం, ఇదీ ఆయన పని. జీతం లేదు. ఆట అయ్యాక మాంసం కూరిన రొట్టె ఒకటి, రెండు బీర్లు ఇస్తారు. గోధుమ గోదాములో ఉద్యోగం అయిపోయాక ఊళ్ళో ఆయనకంటూ మిగిలిన మర్యాద అదొక్కటే.

పందొమ్మిదో ఏట ఆయన్ని మెల్బోర్న్ పెద్ద జట్టు పిలిపించుకుంది. అప్పట్లో మనిషి తాటిచెట్టంత. పెద్ద జట్టుకు అనుబంధంగా ఉండే రెండో జట్టులో ఒక చలికాలం ఆడాడు. తలకు దెబ్బ తగిలినప్పుడల్లా ముక్కు దగ్గర నవాసారం సీసా పెట్టి, వీపు మీద ఒక్క చరుపు చరిచి మళ్ళీ ఆటలోకి తోలేవారు. ఆ రోజుల్లో వైద్యమంటే అదే. అలా ఎన్నిసార్లు తోలారో ఆయనకు గుర్తు లేదు. పెద్ద జట్టు తరఫున ఒక్క ఆటా ఆడకుండానే ఊరికి తిరిగొచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. విర్రబిన్ వాళ్ళు మొహం మీద అనరు, బారులో కూర్చుని అంటారు.

ఈ మధ్య రెండేళ్ళుగా మరుపు పట్టుకుంది. మొదట పేర్లు పోయాయి. దానికో ఉపాయం కనిపెట్టాడు: చిన్నా పెద్దా అందరినీ ‘అబ్బాయ్’ అనడం మొదలుపెట్టాడు. నెవ్‌కి వయసొచ్చేకొద్దీ ప్రేమ ఎక్కువైపోతోందని ఊరంతా మురిసిపోయింది. జాలి పడితే పనిలోంచి తీసేస్తారని ఆయన భయం. అందుకని భార్య గ్లెనిస్‌కు కూడా చెప్పలేదు. ఆమెకు తెలియదనే అనుకున్నాడు.

గ్లెనిస్ శనివారం పొద్దున కారెక్కిందంటే నోరు మూయదు. “పోయిన వారం ఆ నూల్మా వాళ్ళ చేతిలో ఎంత ఘోరంగా ఓడిపోయాం! రెండు గోల్స్ తేడా! సిగ్గుండాలి మనవాళ్ళకి,” అంటుంది. ఇంకో వారం ఇంకో ఊరు, ఇంకో తిట్టు. నెవిల్ స్టీరింగు పట్టుకుని, “అబ్బబ్బ, నీ వాగుడుతో చంపుతున్నావే,” అని విసుక్కునేవాడు.

ఇక బ్రోడీ క్లైనిగ్. ఊరి చివర గొర్రెలూ బార్లీ ఉన్న ఇంటివాడు. తండ్రి లేడు. తల్లి కెరిన్ రొట్టెల దుకాణంలో పని చేస్తుంది. పద్దెనిమిదేళ్ళ వాడు బంతి కోసం గాల్లోకి లేచాడంటే మైదానం చుట్టూ ఆపిన కార్లలోంచి హారన్లు ముందే మోగేవి. వాడు మెల్బోర్న్ పెద్ద జట్టులోకి వెళ్ళగలడా లేడా అన్నదే ఆ ఏడాది ఊళ్ళో వ్యవహారమంతా. ఎడమకాలు చాలదన్నారు కొందరు. పొట్టి అన్నారు. భయం లేదు, అదే వాడి లోపం అన్నాడు పాస్టరు. “వెళ్తాడు,” అనేవాడు నెవిల్, అంతకు మించి ఒక్క మాట కూడా పెంచకుండా. తను అందుకోలేకపోయింది తన చేత్తో పట్టీ చుట్టిన వాడైనా అందుకుంటే చాలని ఆయన ఆశ. ఆ ఆశ ఆయన్ని ఎంతగా తినేస్తోందో ఆయనకే తెలుసు.

జూన్ నెలలో ఒక శనివారం మెల్బోర్న్ నుంచి ఆటగాళ్ళను ఎంచే మనిషి వచ్చాడు. నల్లకోటు వేసుకుని స్కోరుబోర్డు కింద ఒక్కడే నిలబడ్డాడు. అటు చూడనట్టు నటిస్తూ ఊరంతా అటే చూసింది. గ్లెనిస్ ఆ రోజు లేదు. వాళ్ళక్కకు కంటి ఆపరేషనని ముందురోజే హార్షమ్ వెళ్ళింది. నెవిల్ పొద్దున కారులో రేడియో వింటూ ఒంటరిగా వచ్చాడు.

మూడో క్వార్టర్లో బ్రోడీ వెనక్కి వెనక్కి పరుగెత్తుతూ, వెనక ఎవరున్నారో చూసుకోకుండా, బంతి అందుకున్నాడు. ఎవడిదో మోకాలు వాడి చెవి వెనక తగిలింది. బంతి మాత్రం వదల్లేదు. నెవిల్ వెళ్ళేసరికి లేచి కూర్చుని నవ్వుతున్నాడు.

“నాకేం కాలేదు మావా. లెయ్, లెయ్, ఆయన చూస్తున్నాడు.”

“కూర్చో అబ్బాయ్. తలకు దెబ్బ తగిలితే అడగాల్సినవి అడగనీ. ఇది ఏ గ్రౌండు?”

“మనదే.”

“ఎన్నో క్వార్టరు?”

“మూడు.”

“చివరి గోల్ ఎవడు కొట్టాడు?”

“ఇంకెవడు, నేనే!”

“పోయిన వారం ఎవరితో ఆడాం?”

“టల్గర్ర వాళ్ళతో.”

“గెలిచామా?”

“మూడు గోల్స్ తేడాతో. ఇక వదులు మావా, నీకు దణ్ణం పెడతా.”

మొదటి మూడూ సరే. గ్రౌండు కళ్ళెదుటే ఉంది, క్వార్టరు స్కోరుబోర్డు మీద ఉంది, గోల్ ఇప్పుడే చూశాడు. నాలుగోదాని దగ్గర నెవిల్ ఆగిపోయాడు. టల్గర్రా? ఎంత వెతుక్కున్నా పోయిన శనివారమే ఆయనకు దొరకలేదు. పిల్లాడు చెప్పింది నిజమో కాదో తేల్చాల్సిన మనిషి తను. తేల్చడానికి తన దగ్గర ఏమీ లేదు.

బెంచీ దగ్గర్నుంచి కోచ్ టక్కర్ అరిచాడు. “ఏంటి నెవ్, పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నావా వాడితో? బయటికా లోపలికా, తొందరగా తేల్చు!”

ఈ విషయంలో కోచ్ కూడా ఆయన మాట దాటడు. ఒక్క కేక వేసి, పోయిన వారం ఎవరితో ఆడాంరా అని అడిగితే సరిపోయేది. ఊరు ఊరంతా చుట్టూ ఉంది, ఎవరైనా చెప్పేవారు. కానీ అడిగితే తన గుట్టు రట్టవుతుంది. వచ్చే శనివారం నుంచి పట్టీలు ఇంకెవరో చుడతారు. నెవిల్ నల్లకోటు వైపు ఒకసారి చూశాడు. పిల్లాడి మొహం చూశాడు. ఎంత ధైర్యంగా చెప్పాడు! అంత ధైర్యంగా చెప్పేది తప్పెలా అవుతుంది?

“సరే, పో,” అన్నాడు.

చివరి క్వార్టర్లో బ్రోడీ బంతి కోసం తల వంచాడు. అటునుంచి వచ్చినవాడి భుజం తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. రోజూ తగిలేదే. కానీ వాడు లేవలేదు. కార్ల హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హెలికాప్టర్ వచ్చి మైదానం నడిమధ్య దిగింది. కెరిన్ దుకాణం ఏప్రానుతోనే ఎక్కింది. నల్లకోటు మనిషి టోపీ తీసి చేతిలో పట్టుకుని, చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి కబురు తెలిసి గ్లెనిస్ తిరిగొచ్చింది. నెవిల్ బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుని ఉన్నాడు.

“అన్నీ అడిగానే. అన్నీ చెప్పాడు. పోయిన వారం టల్గర్ర వాళ్ళతో ఆడామన్నాడు, గెలిచామన్నాడు.”

గ్లెనిస్ కోటు విప్పుతున్నది విప్పుతున్నట్టే ఆగిపోయింది. “పోయిన వారం మ్యాచ్ ఎక్కడుంది? రాణిగారి పుట్టినరోజు సెలవులు కదా. లీగు మొత్తానికి ఆట లేదు. నువ్వు పెరట్లో కట్టెలు కొట్టావు.”

అప్పుడు నెవిల్‌కు ఇంకో సంగతి తట్టింది. కారులో ఆ వాగుడంతా దేనికో తెలిసొచ్చింది. “నీకు తెలుసా?” అన్నాడు.

“రెండేళ్ళుగా తెలుసు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. ఈ ఒక్క రోజే నేను లేకపోయాను,” అని గ్లెనిస్ గోడకు ఆనుకుని ఏడ్చింది.

బ్రోడీ తల తెరిచి కుట్టారు. బతికాడు. నవంబరులో పెద్ద జట్లు కుర్రాళ్ళను ఎంచుకున్నప్పుడు విర్రబిన్‌లో ఎవరూ టీవీ పెట్టలేదు. దెబ్బ తగిలాక అడగాల్సినవన్నీ అడిగాడట, నెవ్ తప్పేం లేదట, ఇదీ ఊరి తీర్పు. కెరిన్ స్వయంగా వచ్చి, “నీ మీద నాకేం లేదు నెవ్,” అని చెయ్యి పట్టుకుంది.  మరుసటి రోజే నెవిల్ క్లబ్బు తాళం చెవి ఇచ్చేసి, ఇక ఓపిక లేదన్నాడు. వయసైపోయింది పాపం అన్నారు.

వేసవి దాటాక ఒక గురువారం బ్రోడీ ఆయన ఇంటికొచ్చాడు. గురువారం ప్రాక్టీసు రోజు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కుడికాలు కొద్దిగా ఈడుస్తూ వచ్చి, వరండాలో కూర్చుని పాదం చాపాడు.

“పట్టీ చుట్టు మావా. వచ్చే ఏడాదికి తయారవ్వాలిగా. ఆ మెల్బోర్నాయన మళ్ళీ వస్తాడు.”

నెవిల్ చుట్టాడు. బిగువు తప్పకుండా, మడత పడకుండా, ఎప్పటిలాగే.

“ఆ రోజు నన్నేం అడిగావు మావా? నాకేం గుర్తు లేదు. సరిగ్గానే చెప్పానా?”

ఎన్ని మర్చిపోయినా ఆ ఒక్కటీ నెవిల్‌కు పొల్లు పోలేదు. “పోయిన వారం ఎవరితో ఆడాం అని అడిగాను. టల్గర్ర వాళ్ళతో అన్నావు. ఆ వారం అసలు ఆటే లేదు.”

“మరి నన్ను ఎందుకు పంపావు?”

“నాకూ గుర్తు లేదురా. గుర్తు లేదని చెప్పుకోడానికి సిగ్గేసింది.”

 బ్రోడీ కాలు లాక్కుని, చుట్టిన పట్టీ పీకి మెట్ల మీద పారేసి వెళ్ళిపోయాడు. నెవిల్ దాన్ని ఏరి ఉండ చుట్టాడు. మనసు ముక్కలైనా, ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయాడు.

ఆ తర్వాతి గురువారం గేటు చప్పుడైంది. బ్రోడీ. నల్లకళ్ళద్దాలు, ఈడ్చుకుంటూ నడక, నిండుగా నవ్వు. వరండాలో కూర్చుని పాదం చాపాడు.

“పట్టీ చుట్టు మావా. అన్నట్టు, ఆ రోజు నన్నేం అడిగావు? సరిగ్గానే చెప్పానా?”

తలుపు వెనక నుంచి గ్లెనిస్ చప్పున బయటికొచ్చి, “ఒకసారి చెప్పావుగా, చాలు. వాడి బుర్రలో అది నిలవదు. ఇంకేదైనా చెప్పు,” అంది నెవిల్ చెవిలో మెల్లగా.

నెవిల్ పట్టీ కొస వెతుక్కుని, పిల్లాడి మడమ ఒళ్ళోకి తీసుకున్నాడు.

“పోయిన వారం ఎవరితో ఆడాం అని అడిగాను, బ్రోడీ,” అన్నాడు.