గోల్‌పోస్టు దగ్గర నిమ్మచెక్క

మా ఆవిడ మంగాదేవికి భయాలెక్కువ. ఐర్లండులోని కార్లో అనే ఈ ఊరికి వచ్చి ఇన్నేళ్లయినా ఫోన్లో గాలివాన హెచ్చరిక మోగితే చాలు, పెరట్లో ఆరేసిన బట్టలతో పాటు నన్నూ లోపలికి లాక్కొస్తుంది. ఇక్కడి పోలీసులు పక్కింటి అడ్రసు అడగడానికి తలుపు తట్టినా ముందు మా వీసా కాగితాలు బయటికి తీస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఇలాంటివి పట్టించుకోను. ఆవిడ భయాలను వెక్కిరించడమే మా ఇంట్లో నాకున్న ఉద్యోగం.

ఒక్క భయాన్ని మాత్రం వెక్కిరించలేకపోయాను. అది మా అమ్మాయి ఉజ్వల ఫుట్‌బాల్.

ఉజ్వల ఊరి చివర ఉన్న చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. అక్కడి ఫుట్‌బాల్ చరిత్ర వింటే ఎవరికైనా జాలేస్తుంది. పాస్టర్లు కావడానికి చదివే కుర్రాళ్లు ప్రార్థన అయ్యాక ఆవులు మేసే పొలంలో బంతి తన్నుకోవడంతో మొదలైందట. ఆదివారం ఆడకూడదని నియమం పెట్టుకున్నారు. లీగ్ మ్యాచ్‌లేమో ఆదివారాలే. అలా కొన్నేళ్లు ఆడకుండానే ఓడిపోయారు. తర్వాత నియమం సడలించి, ఆడి ఓడిపోయారు. అమ్మాయిల జట్టు వచ్చాక కాస్త గెలుపు మొహం చూశారు. కానీ మైదానం పక్కనున్న నది వైపు గోల్‌లో నిలబడ్డ అమ్మాయికల్లా దెబ్బలే. ఒకమ్మాయికి మోచెయ్యి విరిగింది. ఇంకో అమ్మాయికి మోకాలు పోయింది. ఆ తర్వాత మా ఉజ్వల.

పోయిన అక్టోబరులో బంతి కోసం దూకి, గోల్‌పోస్టుకి తల కొట్టుకుంది. అంబులెన్సులో కళ్లు తెరిచి, చెయ్యి పట్టుకుని కూర్చున్న తల్లిని చూసి "సారీ, హూ ఆర్ యూ?" అంది. ఎంతో మర్యాదగా అంది. మంగ ఏడవలేదు. ఆసుపత్రి వచ్చేదాకా పిల్ల పేరు, తన పేరు, నా పేరు చెబుతూనే ఉంది. సాయంత్రానికి పిల్లకి అన్నీ గుర్తొచ్చాయి. తల్లికి మాత్రం ఆ భయం పోలేదు. నెలల తరబడి పొద్దున్నే పాలగ్లాసు చేతికిస్తూ "నేనెవర్నే?" అని అడిగేది.

మార్చిలో డాక్టర్లు ఆడొచ్చన్నారు. అప్పటికే గోల్‌లో నిలబడడానికి ఎవరూ ఒప్పుకోక జట్టు రెండు మ్యాచ్‌లు వదులుకుంది. ఇంకొకటి వదులుకుంటే లీగ్ నుంచి తీసేస్తారు, అప్పుడు అమ్మాయిల జట్టునే ఎత్తేస్తామని విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేశారు. నేను ఆడతానంది ఉజ్వల.

"వద్దు తల్లీ. పోతే పోనీ జట్టు."

"అమ్మా, ఐయామ్ గ్రాండ్. బాగానే ఉన్నా. డాక్టర్ సెడ్ సో."

"డాక్టర్‌కేం, ఆయన పిల్లా?"

మ్యాచ్ రోజు మేం వెళ్లేసరికి అమ్మాయిలందరూ గేటు బయటే నిలబడి ఉన్నారు. మైదానం చూసుకునే డోనల్, అరవై దాటిన మనిషి, గేటుకి అడ్డంగా నిలబడి ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు. కాలేజీ పాస్టర్ అబిగేయిల్ బతిమాలుతోంది. నది వైపు గోల్‌పోస్టు మొదట్లో ఎవరో శాపం పెట్టారని అతని గోల. కంచె మీదుగా తొంగి చూశాను. సగానికి కోసి, కుంకుమ అద్దిన నిమ్మకాయ. పొద్దున్నే వాకింగ్‌కని వెళ్లిన మా ఆవిడ వైపు తిరిగాను.

"నువ్వేనా?"

"మెల్లిగా అనండి. పిల్ల నిద్రలో ఉండగానే దిష్టి తీసి తెచ్చాను. మూడు దార్ల దగ్గర వెయ్యాలి గానీ, దెబ్బ తగిలింది ఇక్కడేగా."

"వెళ్లి చెప్పెయ్. పాపం భయపడి చస్తున్నాడు."

"చెప్తే ఆడిస్తారండీ," అంది, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని. "నోరు మూసుకుంటే మ్యాచ్ ఆగిపోద్ది."

ఆ మాటకి నా నోరూ మూతపడింది. నాకూ కూతురేగా. ఇంకాసేపు చూసి రద్దు చేస్తానని రిఫరీ అన్నాడు. అమ్మాయిల్లో ఒకరిద్దరు ఏడుపు మొదలుపెట్టారు. ఉజ్వల కూడా కంచె మీదుగా ఆ నిమ్మచెక్కలు చూసింది, తర్వాత తల్లిని చూసింది.

అప్పుడు డోనల్ అబిగేయిల్‌తో అన్నాడు. తన చిన్నప్పుడు వాళ్ల గడ్డిలో ఎవరో శాపంగా కోడిగుడ్లు దాచారట, ఆ ఏడాది ఆవులు వరసగా చచ్చాయట. "వల కట్టడానికి వెళ్లి, ఏమిటో తెలీక చేత్తో తీసి చూశాను. మా అమ్మాయికి నొప్పులొస్తే పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకా ఫోను రాలేదు." ఎర్రబడ్డ వేళ్లను ప్యాంటుకి రుద్దుతున్నాడు, ఎంతకీ ఆపడు.

మంగ మొహం పాలిపోయింది. "ముట్టుకున్నాడా?" అంది.

"ముట్టుకుంటే ఏమవుతుంది?"

"మన పిల్ల దిష్టి ఆయన పిల్లకి పోద్దండీ!"

నేను ఆపేలోపే వెళ్లిపోయింది. డోనల్ చెయ్యి పట్టుకుని, చున్నీతో ఒక్కో వేలూ తుడిచింది. "మైన్. నాట్ కర్స్. ఫర్ మై డాటర్," అంది. తర్వాత అతని పక్కనుంచే గేటు తోసుకుని గోల్ దాకా నడిచి, ఆ రెండు చెక్కలూ ఉత్త చేతుల్తో ఎత్తి, పిడికిట్లో పెట్టుకుని వచ్చింది. దిష్టి తీసింది పొరపాటున దాటబోతేనే పెళ్లయిన కొత్తలో నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగిన మనిషి.

డోనల్ పక్కకి తప్పుకుని గేటు బార్లా తీశాడు.

మ్యాచ్ సాగినంతసేపూ నేను నేల చూపులే చూశాను. మధ్యలో అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు. తలెత్తితే ఉజ్వల కింద పడి ఉంది, మీద అవతలి జట్టు పిల్ల. ఇద్దరూ లేచారు. బంతి ఉజ్వల చేతుల్లోనే ఉంది. చివరికి మనవాళ్లు ఓడిపోయారు, అయినా జట్టు నిలిచింది. ఉజ్వల స్నేహితులతో పిజ్జాకి వెళ్లింది. డోనల్‌కి ఫోను వచ్చింది, మనవరాలట. తల్లీ బిడ్డా క్షేమం.

కారెక్కాక మంగ సీటు వెనక్కి వాల్చుకుంది. అంత నిశ్చింతగా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు.

"ఇంక నాకు భయం లేదండీ," అంది. "వస్తే నాకే వస్తుంది." కళ్లు మూసుకుంది.

నేను ఇలాంటివి నమ్మను. అయినా ప్రతి మలుపు దగ్గరా కారు ఆపి, రెండు వైపులా చూసి, వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా పాకించుకుంటూ ఇంటికి తెచ్చాను. "మంగా, ఇల్లొచ్చింది," అన్నాను. పలకలేదు. భుజం పట్టి కుదిపాను. అప్పుడు కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"నేనెవర్ని?" అని అడిగాను.