పరాయి ఆది

తడిపిన నూలుగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక ఆవిరి వాసన లేస్తుంది. అది తగిలితే చాలు, నందిగామలో ఉన్న నేను జగ్గయ్యపేటలో మునీరాంటీ కుట్టు దుకాణంలో తేలతాను. మా వీధి చివర ఒక మిషను, ఒక స్టూలు, గాజు వెనక తలలేని బొమ్మ. ఆవిడ పని కుట్టు, నా పని కుళ్లు. పదహారేళ్లప్పుడు ఆ బొమ్మ నడుం చూసి కూడా కుళ్లుకున్నాను. దానికి తల లేదు సరే, నాకున్న తల మాత్రం ఏం పనిచేసింది కనక!

అసలు కుళ్లు నందిగామలో ఉండే మా పెద్దమ్మ కూతురు శిరీష మీద. ఫొటోలో పక్కపక్కన నిలబడితే అదొక వాక్యం, నేనొక పేరా. చుట్టాలు దాన్ని "మెరుపుతీగ" అనేవాళ్లు. నన్ను "ఆరోగ్యంగా ఉంది" అనేవాళ్లు. బాబాయి పెళ్లికి మాకు పరికిణీలు కొన్నారు. జాకెట్టు కుట్టించాలంటే మనకు సరిపోయే పాతదొకటి కొలతకి ఇస్తాం కదా, ఆది అని. నేను శిరీష జాకెట్టు అడిగి తెచ్చుకుని, అది ఇచ్చాను.

మునీరాంటీ దాన్ని పరిచి చూసింది. "ఇది నీది కాదుగా పాపా?"

"పెళ్లినాటికి నాదే అవుద్దిలే ఆంటీ."

"జాకెట్టుని మనిషికి కుడతా గానీ, మనిషిని జాకెట్టుకెట్టా కుట్టేదే?" అని నవ్వింది. మొండికేస్తే కుట్టింది. ఆ కుట్టడం తన తప్పేనని తరవాత చాలా ఏళ్లు అంటూ ఉండేది.

కంచం ముందు అబద్ధాలు నేర్చాను. "సన్నబడ్డావే!" అని ఇంట్లోవాళ్లు మురిశారు. ఆ మెప్పు అన్నం కంటే రుచిగా ఉండేది. పెళ్లికి వారం ముందు జాకెట్టు పట్టింది. ఇంకా బిగించమని మళ్లీ వెళ్లాను.

"శిరీషలా లేకపోతే ఏమవుద్దే?" అందావిడ, నా చల్లటి చెయ్యి పట్టుకుని.

"ఇట్టా అయితే నేనుండి ఎందుకాంటీ?"

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" బస్సు ఎన్నింటికి అన్నంత మామూలుగా అడిగింది.

తలూపాను. ఆవిడ తిట్టలేదు. "ఛీ, ఏం మాటలవి" అనలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఏడుస్తూ చెప్పినంతసేపూ విన్నది.

"అమ్మకి చెప్పకండాంటీ."

"ఆ మాట మాత్రం ఇవ్వలేను. కోప్పడితే కోప్పడు, నువ్వుండాలి నాకు."

మిట్టమధ్యాహ్నం షట్టర్ దించి నన్ను ఇంటికి నడిపించింది. "ఏదో డైటింగులెండి" అన్న అమ్మతో, "కాదండీ, పిల్లకి బతకాలని లేదంట. ఇయ్యాళే డాక్టరుకి చూపించాలండి" అంది. ఆ సాయంత్రమే విజయవాడ బస్సెక్కాం. తేరుకోవడానికి ఏళ్లే పట్టింది.

నిరుడు మునీరాంటీ పోయింది. పరామర్శకి వెళ్లి ఆనాటి సంగతి చెబితే, ముఖపరిచయం కూడా లేని ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ, "నన్నూ అట్టాగే అడిగిందండీ, ఆ స్టూలు మీద కూర్చోబెట్టి" అంది. నిజం చెప్పొద్దూ, నాకు భగ్గుమంది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నా ఒక్కదానిదే అనుకున్నాను. తిరుగు బస్సులో చాలాదూరం కుళ్లుకుని, నందిగామలో దిగేసరికి సిగ్గుపడ్డాను. ఇంకెంతమందిని అడిగిందో, ఇంకెంతమందిని అడగాలో.

నేనిక్కడ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పిల్లల్లో ఎవరైనా తిండి దగ్గరా మాట దగ్గరా ముడుచుకుపోతుంటే, పక్కకి పిలిచి, ఆంటీ అడిగిన ఆ ప్రశ్నే చుట్టూ తిప్పకుండా అడుగుతున్నాను. అడిగి, జవాబొచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.