బదులు మనిషి దొరకలే

మా బర్రెల కొట్టం దబీర్‌పురాల, రైలు పట్టాలకు ఈ దిక్కున ఉండె. మా తాత కట్టిందది. ఒకప్పుడు ఆ గల్లీల ఇంకా కొన్ని కొట్టాలుండేనట. నాకు బుద్ధి తెలిసేటాళ్లకు మాదొక్కటే మిగిలింది. ప్యాకెట్ పాలు వచ్చినంక గూడ చాయ్ హోటలోళ్లు, పసిపిల్లల తల్లులు మా బాపు పాలే కావాలని గిన్నెలు పట్టుకొని వచ్చేటోళ్లు.

నేను సిటీ బస్సుల కండక్టర్‌ని. పెండ్లయినంక గూడ అదే గల్లీల ఉంటున్న, మా బాపు ఇంటికి నాలుగడుగుల దూరంల. మా తమ్ముడు ఫోన్ల దుకాణంల పనిచేస్తడు. వానికి పెండ వాసన పడది. బాపు ఎన్నడూ వాని మీద కోపం చెయ్యలే. "నేను పడ్డ కష్టం వాడెందుకు పడాలె" అనేటోడు.

ఏండ్ల తరబడి పాలు పిండి పిండి బాపు బొటనవేళ్ల కీళ్లు వాచిపోయినయ్. అన్నం ముద్ద కలుపుకొనుడే తక్లీఫ్ అయ్యింది. పని తెలిసిన మనిషి కోసం ఎంత తిరిగినమో. ధూల్‌పేట్‌ల ఇద్దరుండిరి. ఒకాయన ఆటో తీస్కున్నడు, ఇంకొకాయన అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గ పోయిండు. వాళ్లను మాత్రం ఏమంటం? ఈ పనికి ఆదివారం లేదు, పండుగ లేదు. తెల్లారకముందు ఒక పూట, పగటీలి ఒక పూట. బర్రెకు మన సుఖం, మన దుఃఖం ఏం ఎరుక.

గప్పుడే మా మేనమామ ఒక పెండ్లిల కలిసి బెంగాల్ గ్యాంగ్ సంగతి చెప్పిండు. మా అమ్మ పుట్టిల్లు సిటీ దాటినంక ఒక ఊరు. ఆడ మామకు పొలం ఉన్నది. కొన్నేండ్ల సంది వాళ్ల ఊళ్లె నాట్లేసేది బెంగాల్ నుంచి వచ్చిన మగోళ్లు. మా అమ్మ చిన్నప్పుడు అదే ఊళ్లె కూలికి నాట్లు వేసింది.

"మనూళ్లె కూలోళ్లు ఎక్కడున్నరక్కా?" అన్నడు మామ. "పిలిస్తె ఒక్కరు రారు. అందరు ఇండ్లల్ల కూసున్నరు."

అమ్మ విస్తరి ముందట చెయ్యి ఆపి చూసింది. "కూసున్నరా? కోతలు మిషన్‌కు ఇస్తివి. కలుపుకు మందు కొడితివి. నాట్లప్పుడు వారం పది రోజులు పిలిచి, మిగిలిన ఏడాదంత వాళ్లు ఏం తిని నీ కోసం ఎదురు చూడాలె? వాళ్లు గూడ సిటీకి పోయి ఇండ్లు ఊడుస్తున్నరు. నేను బస్సుల చూస్త వాళ్లను."

"మరి నా పొలం పడావు పెట్టుకోనా?"

ఇద్దరు అట్లనే తల వంచుకొని తిన్నరు.

ఆ గ్యాంగ్‌ల మనిషే మాకు దొరికిండు. ముప్పై ఏండ్లుంటయేమో. సన్నగ, నల్లగ, ఎక్కువ మాట్లాడకపోయేది. మా మామ పొలంల నాట్లు అయిపోయి గ్యాంగ్ ఇంకో జిల్లాకు పోతుంటె, తనకు పశువుల పని వస్తదని చెప్పిండట. మామ బస్సు ఎక్కించుకొని తీస్కొచ్చిండు. రాంగనే పాలు పిండనని, ముందు బర్రెలు తనకు అలవాటు కావాలెనని చెప్పిండు. ముందు పెండ తీసిండు, బర్రెలను కడిగిండు, మెడ కింద గోకుకుంట వాటితోని ఏందో మాట్లాడిండు.

"ఏం భాష బేటా అది?" అని బాపు అడిగిండు.

"మా ఊరి భాష చాచా."

"వీటికి తెలుగే వచ్చు."

"నాకు తెలుగు రాదు చాచా. ఇగ ఇవే నేర్చుకోవాలె." హిందీల ఈ మాట అని నవ్విండు. మా బాపు గూడ నవ్విండు. మస్తు దినాలకు నవ్వుడు అది.

బర్రెలు ఆయన చేతికి అలవాటైనయ్. ఎంతగ అలవాటైనయంటె, బాపు పక్కన కూసున్నా పొదుగు బిగబట్టుకునేటివి, ఆయన వచ్చి చెయ్యేస్తెనే పాలు దించేటివి. బాపు దానికి బాధపడలే. ముసలి దొర లెక్క కుర్చీ ఏస్కొని కూసుండి గల్లీల వచ్చిపోయేటోళ్లతోని ముచ్చట పెట్టేటోడు. ఆ బెంగాల్ ఆయన కొట్టం పక్క రేకుల రూంల పండేటోడు. అమ్మ అన్నం పెడుతుంటె, పప్పు చారు తినుకుంట చాపలు ఎప్పుడు చేస్తవని సైగ చేసేటోడు. అమ్మ విసుక్కుంటనే వారంల ఒకసారి చాపలు తెప్పిచ్చేది.

పగటిపూట వాళ్ల ఊరికి వీడియో కాల్ చేసేటోడు. భార్యకు బర్రెలను చూపిచ్చేటోడు. ఒకనాడు నన్ను గూడ చూపిచ్చిండు, "దీదీ, బస్సు దీదీ" అని. ఆ అమ్మాయి కొంగు సర్దుకొని సలాం చేసింది. ఒళ్లె చిన్న బిడ్డ ఉండె. ఆమె బీడీలు చుడుతదట. ఆయన లేనప్పుడు ఇల్లు గడిచేది దాంతోనే.

వానకాలం వచ్చింది. ధూల్‌పేట్ నుంచి గణపతులు ట్రాలీలల్ల పోతున్న దినాలవి. టీవీలల్ల, ఫోన్లల్ల ఒకటే లొల్లి, బయటోళ్లు వచ్చి మన పనులు గుంజుకుంటున్నరని. చందాకు వచ్చిన మా బస్తీ పోరగాండ్లు కొట్టంల ఆయన్ని చూసిండ్రు. పరాయోళ్లేం కాదు, చిన్నప్పుడు మా ఇంటి పాలు తాగినోళ్లే.

"కాకా, ఈయన యాడోడు?" అన్నడు వాళ్లల్ల ఒకడు.

"బెంగాలు."

"బెంగాలేనా, బంగ్లాదేశా?"

"బెంగాలే బేటా. మా బామ్మర్ది తీస్కొచ్చిండు."

"మేం ఏమంటలేం కాకా. పేపర్లు సాఫ్ ఉంటె ఫికర్ లేదు. స్టేషన్‌ల చెక్ చేయిపిస్తం, అంతే." మర్యాదగనే మాట్లాడిండ్రు. ఆయన ఆధార్, ఓటరు కార్డులు అడిగి ఫోన్‌ల ఫోటో తీస్కున్నరు. ఒక కార్డుల పేరు ఒక తీరుగ, ఇంకో కార్డుల ఇంకో తీరుగ ఉండె. మా అమ్మ పేరు గూడ మా ఇంట్ల కార్డులల్ల రెండు తీర్లుగనే ఉంటది.

"వాని పని మీరెవరన్న చేస్తరా?" అని బాపు అడిగిండు. పోరలు నవ్వి చందా రసీదు రాసిచ్చి పోయిండ్రు.

ఆనాటి సంది ఆయన చాయ్ హోటల్‌కు గూడ పోలే. గల్లీల ఎవరన్న బండి ఆపితె రూంలకు పోయేటోడు. నేను డ్యూటీ దిగి వచ్చి ఏందని అడిగితె చెప్పిండు. వాళ్ల ఊరాయన్ని ఒకర్ని ఇంకో రాష్ట్రంల పని కాడ బంగ్లాదేశోడని పోలీసోళ్లు పట్టుకపోయిండ్రట. వదిలేటాళ్లకు ఆయన సగమైండట.

"ఈడ గట్లేం కాదు భాయ్, మేమున్నం" అన్న. ధైర్యం వచ్చినట్లు తల ఊపిండు. నమ్మలేదని కండ్లు చూస్తెనే తెలుస్తుండె.

అటెనుక వారమే ఆయనకు జరం వచ్చింది. బస్తీల మస్తు మందికి వచ్చింది అప్పుడు, రోడ్ల మీద నీళ్లు నిలిచి ఒకటే దోమలు. మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకొని వేస్కున్నడు. పొద్దుగాల చూస్తె దుప్పటి కప్పుకొని పాలు పిండుతున్నడు. చెయ్యి పట్టుకొని చూస్తె పెనం లెక్క కాలుతున్నది.

"దవాఖానకు పోదాం పా" అన్న.

"పాలు ఎవరు పిండుతరు దీదీ? రేపటికి తగ్గుతది." కొంచెం ఆగి, మెల్లగ అన్నడు. "ఆడ కార్డు అడుగుతరు. ఆ పిలగాండ్లు ఇంక ఏం చెప్పలే."

బాపు ఆ దినమంత ఫోన్ పట్టుకొనే ఉన్నడు. ఆటో కొనుక్కున్నాయనకు చేసిండు, వాచ్‌మన్ పోయినాయనకు చేసిండు. మామకు చేస్తె గ్యాంగ్ ఎక్కడో దూరం జిల్లాల ఉన్నదన్నడు. మూసీ ఒడ్డున గడ్డి కోసేటోళ్లను అడిగిండు. జర నాలుగు పూటల కోసం బదులు మనిషి కావాలె, అంతే. ఇంత పెద్ద పట్నంల, ఇంత మందిల, ఒక్కరు దొరకలే.

పగటీలి నేను చెంబు పట్టుకొని కూసున్న. బర్రె ఒక్క తన్ను తన్నింది, చెంబు గోడకు పోయి పడ్డది. బాపు కూసుండి ఆ వాచిన వేళ్లతోనే గుంజిండు. కండ్లల్ల నీళ్లొచ్చినయ్, చుక్క పాలు రాలే. పొదుగులు బిగుసుకపోయి బర్రెలు ఒకటే అరుస్తుండె. ఆ అరుపు విని ఆయన రూంల నుంచి గోడ పట్టుకొని వచ్చిండు.

"వద్దు బేటా, పండుకో" అన్నడు బాపు.

"అట్లనే వదిలేస్తె పొదుగు వాస్తది చాచా." బర్రె డొక్కకు తల ఆనిచ్చి, కండ్లు మూస్కొని, అన్నిటినీ పిండిండు. బాపు పక్కన నిలబడి ఆయన భుజం పట్టుకొని ఉన్నడు.

తెల్లారి ఆయన లేవలే. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నది. పక్కింటి దర్జీ చాచా ఉరికి పోయి ఆటో తెచ్చిండు. చాచా, నేను కలిసి ఆయన్ని పెద్ద దవాఖానకు తీస్కపోయినం. తొవ్వ పొంటి కార్డు, కార్డు అని ఆయన జేబు తడుముకుంటనే ఉన్నడు.

దవాఖానల ఎవరూ కార్డు అడగలే. చీటీ రాసేటామె పేరు అడిగింది, ఊరు అడిగింది, వయసడిగింది. "మీకేమైతడు?" అని అడిగింది.

"మా మనిషి" అన్న. ఆమె అదే రాసుకొని లోపలికి పంపింది.

డాక్టర్లు చేసేదంత చేసిండ్రు. రక్తం ఎక్కిచ్చిండ్రు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, కొంచెం ముందుగాల తెస్తే మంచిగుండేదని మెల్లగ చెప్పింది. తెల్లారి పగటీలికి ఆయన పోయిండు. అది పాలు పిండే యాళ్ల.

వాళ్ల ఇంటికి నేనే ఫోన్ చెయ్యాల్సొచ్చింది. దవాఖాన మెట్ల మీద కూసుండి, హిందీల ఏం చెప్పాలెనో నోట్లె నోట్లె అనుకొని, ఆయన ఫోన్ నుంచే చేసిన. వీడియో ఆన్ అయ్యింది. ఆమె నా ముఖం చూసి నవ్వింది. ఫోన్ నాకిచ్చి ఆయన పక్కన కూసున్నడనుకున్నది. "బస్సు దీదీ" అన్నది ఒళ్లె బిడ్డతోని, "సలాం చెయ్యి." బిడ్డ చెయ్యి నుదుటి దగ్గరికి తీస్కపోయింది. నేను అనుకున్న హిందీ అంత మర్చిపోయిన. ఏడ్చిన. నా ఏడుపు చూసే ఆమెకు అర్థమైంది. ఫోన్ కింద పడ్డది. వాళ్లింటి కప్పు కనపడుతుండె, అరుపు వినపడుతుండె.

ఇంటికి తీస్కరమ్మని ఆమె బతిలాడింది. గంత దూరం, ఆ ఉక్కల, ఎట్ల పంపుతం? ఆమె మామనే, అంటె ఆయన తండ్రి, చివరికి, ఆడనే మట్టి ఇవ్వండ్రి, బిడ్డకు ముఖం చూపియ్యండ్రి అన్నడు. దర్జీ చాచా మసీదోళ్లతోని మాట్లాడి ఖబ్రస్తాన్‌ల జాగ చూసిండు. ఆడోళ్లం లోపలికి పోలే. నేను వీడియో కాల్ పెట్టి ఫోన్ బాపు చేతికిచ్చిన. "గిట్ల పట్టుకో బాపు, వాళ్లు చూస్తరు" అని చూపిచ్చిన. బాపు రెండు చేతులతోని పట్టుకొని పోయిండు. జీవితంల ఎన్నడూ ఖబ్రస్తాన్‌ల అడుగు పెట్టని మనిషి.

రాత్రి ఆమె ఫోన్ చేసింది. గొంతు పోయింది. "దీదీ, ఆయన నాకు కనపడలే. ఫోన్‌ల మొత్తం చాచా ముఖమే ఉండె. చాచా ఏడుస్తుండె." బాపు కెమెరా తన దిక్కు తిప్పి పట్టుకున్నడు. ఆ సంగతి నేను ఇప్పటి దాక బాపుకు చెప్పలే.

కొన్ని దినాలకు బస్తీ పోరడు, కార్డు ఫోటో తీస్కున్నవాడే, వచ్చి గుమ్మం కాడ నిలబడ్డడు. "కాకా, ఆయన పేపర్లు చూపిచ్చినం. అంత సరిగనే ఉన్నదట." చెప్పకుండ ఉండలేకనే వచ్చిండనిపిచ్చింది. వాని ముఖం గూడ బాగలేదు.

బాపు, "మంచిది బేటా" అన్నడు. లోపలికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

ఆటో ఆయన బతిలాడితె కొన్ని పూటలు వచ్చి పిండి పోయిండు. తర్వాత బాపు బర్రెలన్నిటినీ సిటీ బయట డెయిరీ పెట్టుకున్నాయనకు ఇచ్చేసిండు. ట్రక్ ఎక్కిచ్చేటప్పుడు నేను డ్యూటీల ఉన్న. ఇంటికొచ్చేటాళ్లకు బాపు ఖాళీ కొట్టం కడుగుతున్నడు. పెండ లేదు, గడ్డి లేదు, అయినా కడుగుతున్నడు.

చలికాలంల బెంగాల్ నుంచి ఆయన తమ్ముడు వచ్చిండు. అచ్చు అన్న లెక్కనే ఉన్నడు. అమ్మ తలుపు తీసి అట్లనే నిలబడిపోయింది. బట్టలు, చెప్పులు, దుప్పటి మూట కట్టి ఇచ్చినం. అన్నం తిన్నడు. వదిన బీడీలు చుడుతున్నదన్నడు, బిడ్డ నడుస్తున్నదన్నడు. మూట పక్కన పెట్టుకొని, తల వంచుకొని, బాపును అడిగిండు.

"చాచా, ఈడ పని ఉన్నదా? అన్న చేసిన పనే. నాకు గూడ వస్తది."

బాపు లేచి కొట్టం దిక్కు పోయిండు. బర్రెలు లేవు భాయ్ అని నేనే చెప్పిన.

"పర్వాలేదు దీదీ. మీ మామ ఊళ్లె యాసంగి నాట్లు పడుతున్నయట. మా గ్యాంగ్ ఆడికే వస్తున్నది." ఆ మాట విని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అయినా లేచి వానికి తొవ్వల తినేటందుకు రొట్టెలు కట్టింది.

అఫ్జల్‌గంజ్ దాక నేనే పోయి ఊరి బస్సు ఎక్కిచ్చిన. మామ ఫోన్ నంబర్ ఇచ్చిన, నాది గూడ ఇచ్చిన. "జరం వస్తె నాకు ఫోన్ చెయ్యి. పని సంగతి చూడకు. నేను వచ్చి తీస్కపోత, దవాఖానల కార్డు అడగరు" అన్న. పెద్దోళ్లు ఏదో చెప్తున్నరు, విన్నట్టుండాలె అన్నట్లు తల ఊపిండు. కండ్లు మాత్రం బస్సుల ఖాళీ సీటు కోసం వెతుకుతుండె. కిటికీ కాడ దొరికింది. అన్న దుప్పటి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.