వాలులో మార్చే గేర్లు

ఇంజిను గొంతు మారింది. స్టీరింగు పట్టింది నేనే, కానీ నా ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది, ఎడమకాలు ఖాళీగా ఉంది. అయినా ఆ కొత్త స్పోర్ట్స్ కారు దివిసీమ కరకట్ట వాలు దిగుతూ తనంతట తానే గేర్లు మార్చుకుంటోంది. ఎదురుగా తెరమీద నాలుగు పోయి మూడు వచ్చింది, మూడు పోయి రెండు. గుంటలకి అడుగు తగులుతుందని దారంతా గునిసిన సేల్స్‌మన్ ఇప్పుడు మురిసిపోతూ, "చూశారా మేడమ్, మీరేం చెయ్యక్కర్లేదు. అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆ వాలులో ఆ గేర్లు సత్యవతి గారివి.

బందరులో ఆడవాళ్ళకి కారు నేర్పేవారావిడ. పుట్టింది ఈ కట్ట కింద, చేపల వేట మీద బతికే ఇంట్లో. బందరులో ఉండి చదువుకుని టీచరయ్యారు. నేను గుడివాడలో పళ్ళ డాక్టరుగా కొత్తగా బోర్డు కట్టిన రోజుల్లో, ఆదివారాలు ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. చెయ్యి నెమ్మది, నోరు గయ్యాళి. "క్లచ్చమ్మా అది, బొద్దింక కాదు. అలా తొక్కి చంపకు!" అనేవారు. పళ్ళు పీకే చేతికి నిదానం నేర్పింది ఆవిడే.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఈ వాలుకి తీసుకొచ్చి, స్టీరింగు తనే తీసుకున్నారు. నాలుగో గేరు వదిలేటప్పుడు "నాన్నా" అన్నారు. మూడు వదిలేటప్పుడు "అమ్మా". రెండు వదులుతూ "రత్తీ". తరవాత న్యూట్రల్. క్లచ్ తొక్కిపట్టే ఉంచి, కిక్కురుమనకుండా కిందిదాకా జారనిచ్చారు. చుట్టూ రొయ్యల చెరువులు తప్ప మనిషి జాడ లేదు.

"ఎవర్ని పిలుస్తున్నారండీ?"

"ఉప్పెనలో పోయిన మావాళ్ళని. ఊరు ఇక్కడే ఉండేది."

"మరి న్యూట్రల్లో ఎవర్నీ పిలవలేదు?"

"అది మా చెల్లెలు రత్తి కొడుకమ్మా. మర్నాడు బారసాల. పేరు నన్నే ఎంచి తెమ్మన్నారు. తెచ్చేసరికి ఎవరూ లేరు."

ఏం పేరని అడిగాను. ఆవిడ నావైపు చూడలేదు. "వాడికి చెప్పకుండా నీకెలా చెప్తాను?"

పోయిన ఏడు ఆవిడ కూడా వెళ్ళిపోయారు. అంతకుముందు చివరిసారి ఇక్కడికి నేనే తీసుకొచ్చాను. "నా తరవాత నువ్వు పిలు. గేరు చప్పుడుకి వాళ్ళు అలవాటు పడిపోయారు" అన్నారు. ఆవిడంటే నాకు ప్రాణం. సరేనన్నాను. ఈలోగా నా ఎడమ మోకాలు అరిగిపోయింది, ఇక క్లచ్ జోలికి వెళ్ళొద్దని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. ఈ కారులో గేరు రాడ్డున్నది ఒక్కటే మిగిలిందని, ఆ రకం ఇక రాదని షోరూము వాళ్ళు చెప్పారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏది బుక్ చెయ్యమంటారు మేడమ్?" వాలు కింద సేల్స్‌మన్ అడిగాడు. తెరమీద అంకెలు మారుతున్నప్పుడు నేను ఒక్కరినీ పిలవలేకపోయాను. ఏ గేరు ఎవరిదో ఆ యంత్రానికేం తెలుసు?

"గేరు రాడ్డున్నదే."

ఇప్పుడు నెలకోసారి ఆ కారులో వస్తున్నాను. ఒక్కో పిలుపుకీ మోకాలు కలుక్కుమంటుంది, కలుక్కుమననీ. న్యూట్రల్లో మాత్రం నోరు విప్పను. కిందికి చేరాక క్లచ్ మీంచి కాలు ఎత్తేస్తాను. పెడల్ వెంటనే పైకి రాదు. కిందనుంచి ఎవరో చిన్న చేత్తో పట్టుకున్నట్టు కాసేపు అక్కడే ఉండిపోతుంది. మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. అది వదిలేదాకా నేను కదలను.