ఏడుగురి హాజరు

మా హిస్టరీ సారు రిటైరైనా హాజరు పిలిచే అలవాటు పోలేదు. పెళ్లి బంతిలో కూడా మమ్మల్ని పేరుపేరునా పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఏటూరునాగారం అడవిలో కూలిన బాంబరు విమానంలోని ఏడుగురి పేర్లు జేబులో పెట్టుకుని, వాళ్లేమయ్యారో ఏళ్లుగా వెతికారు.

ఒకసారి ఆ అడవి పల్లెలకు నేనూ వెంట వెళ్లాను. "విమానం పడ్డదా?" అని ఎవరినడిగినా లేదన్నారు. చివరికి సారుకు వాళ్ల నాయనమ్మ విమానాన్ని పిలిచే మాట గుర్తొచ్చి, ఒక ముసలామెను, "గాలిమోటరు పడ్డదా అవ్వా?" అనడిగారు.

"గట్లడుగు సారూ!" అంటూ ఆమె లేచి, అడవిలో నిలబెట్టిన ఏడు రాళ్లు చూపించింది. "మా నాయనే బొందపెట్టిండు. మా పెద్దలకు పెట్టినట్టే వీళ్లకు గూడ కొత్త పంట పెడుతున్నం. పేర్లే తెల్వయి."

సారు జేబులోని పేర్ల కాగితం తీసి, మొదటి పేరు పిలిచారు.

అవ్వ మొదటి రాయి మీద చెయ్యి వేసి, "ఉన్నడు సారూ" అంది.