బెత్తెడు మడత

తప్పు మీదే. అవును, ఇది చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను. కీళ్లవాతానికి మందు వాడుతున్న పిల్లను చూసి "ఆ మందులకే గిడసబారిపోయింది" అని తీర్పు చెప్పేది మీరే. ఆ తీర్పును ఏనాడూ లెక్కచేయని మనిషి, ఆళ్లగడ్డలో మా పక్కింటి దర్జీ పెద్దమ్మ, పోయిన ఆదివారం కన్నుమూసింది.

ఏడుస్తూ రాయను. రాస్తే కత్తెర విసిరేది.

ఆమెకో పద్ధతి ఉండేది. ఏ పిల్లకు బడి స్కర్టు కుట్టినా అంచు లోపల బెత్తెడు గుడ్డ మడిచి ఉంచేది. పిల్ల పెరిగేకొద్దీ ఆ మడతను వేలెడు వేలెడు విప్పేది. మా పాపకు ఏడో ఏట మోకాళ్లు వాచి, పొద్దున్నే మంచం దిగలేకపోయింది. "పిల్లలకు కీళ్లవాతమేంది?" అని నవ్వారు మీరు. పెద్దమ్మ మాత్రం పాప స్కర్టుకూ అదే మడత పెట్టింది.

"ఈ పాపకు మడతెందుకు? గుడ్డ దండగ" అందొకావిడ, బట్టలు ఇవ్వడానికొచ్చి.

"ఇంకో మాటన్నావంటే నీ నోరు గూడా కుట్టేస్తా."

నంద్యాల డాక్టరమ్మ వారం వారం సూది మొదలుపెట్టింది. వాపు తగ్గింది. మొదటి వేలెడు మడత విప్పాం. అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మూఢనమ్మకాల మీద కరపత్రాలు రాసేవాణ్ణి, మీ మాటలు విని సూది మాన్పించాను.

ఆరు నెలలకు పెద్దమ్మ టేపు పట్టుకుని నిలదీసింది.

"ఏందప్పా, మోకాలు మళ్ల ఉబ్బింది? సూది ఏయిస్తాండావా లేదా?"

"మందుకు పొట్టిదైపోతాదంట పెద్దమ్మా."

"యాడ చదివినావ్ రా? సూది ఏసినన్నాళ్లు వేలెడు పెరిగింది. మానినాక దారమంత గూడా ల్యా. నా టేపు అబద్ధం చెప్తాదా? బేగా నంద్యాలకు పో!"

పోయాను. డాక్టరమ్మ బాగా తిట్టింది. అదుపులో లేని వాపే ఎదుగుదలను తొక్కేస్తుందని, వాపుకు వాడే స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం మింగినా దెబ్బేనని చెప్పింది. సూదితో వాపు అణిగితే ఆ మాత్రలు తగ్గించవచ్చట, చాలామంది పిల్లలు మళ్లీ ఎదుగుదల అందుకుంటారట. తర్వాత నవ్వి, "మీ దర్జీని ఇక్కడికి పంపండి, ఉద్యోగమిస్తా" అంది.

ఈ మాట చెబితే పెద్దమ్మ మురిసిపోయి, "ఆయమ్మ జాకెట్ కొలతలు తెచ్చినావా?" అని అడిగింది.

సూది మళ్లీ మొదలైంది. రెండో వేలెడు విప్పాం. పోయిన జూన్‌లో మూడోది విప్పి, కుట్టుకు పోను లోపల ఇంకేమీ మిగలకపోవడంతో పెద్దమ్మ మిషన్ వదిలి వీధిలోకి పరుగెత్తింది. "రాండి, చూడండి! గుడ్డ అయిపాయె, పాప ఇంకా పెరుగుతాంది!" ఆ రోజు వీధిలో అందరికీ మైసూర్‌పాక్ పంచింది. మొదటి ముక్క "గుడ్డ దండగ" అన్నావిడ నోట్లోనే పెట్టింది.

ఆమె పేరున నేను అడిగేవి ఇవి:

పిల్లల కీళ్లు వాస్తే "పెరిగే నొప్పులు" అని తోసెయ్యకండి, డాక్టరుకు చూపించండి.

డాక్టరును అడగకుండా మందు మాన్పించకండి.

ప్రతి ఆస్పత్రిలో ఈ పిల్లలకు మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాయండి.

ఈ సూదిమందు నంద్యాలలోనే కాదు, ఆళ్లగడ్డలోనూ దొరకాలి.

పిల్ల ముందు "పొట్టి" అనే మాట ఎత్తకండి.

మా తీగ మీద ఆరేసిన ఆ పాత స్కర్టును మసిగుడ్డ కోసం అడగకండి. విప్పిన మూడు మడతల చోట ఎండకు వెలవని మూడు నీలి గీతలున్నాయి. వాటిని గాలికి అట్లా ఊగనివ్వండి.